అరిగిన రాతిని చదువు విధము

కృష్ణగిరి జిల్లాలోని మత్తూరు మొదలుకొని బర్గూరు, శూళగిరి, హోసూరు, డెంకణికోటలవరకు ఏ యూరికి పోయినను, చెరువుకట్టమీదనో, మామిడితోపు గట్టుననో, కొండదారి మొదటనో, సగము నేలలో క్రుంగి, తక్కిన సగమునకు నాచుపట్టి, నూనెయు కుంకుమయు పేరుకొనియున్న పాతరాయి ఒక్కటియైనను కానరాకపోదు. అట్టి రాతిమీద సూర్యచంద్రులను, కత్తిపట్టిన మనుష్యుని, చక్రమునో శూలమునో, ఏమియు తెలియని నాలుగు గీతలనో చూచినవానికి మొట్టమొదట తోచు ఊహ సాధారణముగా ఒక్కటే: "దీని క్రింద ఏదో ఉన్నది." మీకును అట్లే తోచినదా? తోచినచో సిగ్గుపడవలసిన పనిలేదు. కుతూహలము లేనివాడు రాతికడ నిలువడు; నిలువనివాడు దానిని చదువజాలడు. మీయందు ఆ కుతూహలము ఉన్నది గనుకనే ఈ అధ్యాయము మీకు పనికివచ్చును. అది గడ్డపారవైపునకు మరలక అక్షరమువైపునకు మరలుటకు వలయు ఉపాయములను ఇందు వరుసగా చెప్పెదను.

అయితే ఉపాయములకు ముందు ఒక ప్రశ్న. దొంగలకును దాయాదులకును వెఱచి, అర్ధరాత్రమున ఒంటరిగా ధనమును పాతిపెట్టువాడు, మఱునాడు తెల్లవాఱగనే కాసెపనివానిని పిలిపించి, బండిమీద రాతిని తెప్పించి, ఊరివారెల్లరు చూచుచుండగా దారిప్రక్కన నాటించి, దానిపై ఆనవాలు చెక్కించునా? రాతిని చెక్కించుట ఖర్చుతోను శ్రమతోను సాక్షులతోను కూడిన బహిరంగకార్యము. పశువులకొఱకు పోరాడి పడినవాని పేరును, గుడికిచ్చిన పొలముయొక్క ఎల్లను, చెరువుతూము కట్టించినవాని పుణ్యమును, బాటసారికి మిగిలియున్న దూరమును నలుగురికి తెలుపుటకై మన పూర్వులు రాళ్ళు నిలిపిరి. కావున "ఈ రాయి ఏమి దాచుచున్నది?" అను ప్రశ్నను విడిచి, "ఈ రాయి ఎవరికి ఏమి చాటుచున్నది?" అని అడిగి చూడుడు. అంతవరకు మూగగానున్న గుర్తులలో సగము తమంత తామే మాటలాడ మొదలిడును.

మొదటి ప్రశ్ననే పట్టుకొని వ్రేలాడినచో ఏమగునో చెప్పుటకు దూరపు సాక్ష్యములు కూడ కలవు. 2013 అక్టోబరులో ఉత్తరప్రదేశములోని ఉన్నావ్ జిల్లా దౌండియాఖేడాలో, ఒక సాధువుకు కలలో వేయి టన్నుల బంగారము కనబడినదన్న వార్త పుట్టి, దేశమంతయు కన్నులు విప్పి చూచుచుండగా పురావస్తుశాఖవారు త్రవ్వకము సాగించిరి, బంగారము రాలేదు. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో ప్రభుత్వపు కనుసన్నలలోనే నిధికై త్రవ్వకములు మొదలయి నెలల తరబడి సాగినవి. అచ్చటను నిధి బయటపడలేదు. ప్రభుత్వముల చేతనే కాని పని రాత్రిపూట లాంతరు పట్టుకొని పోవు నలుగురు మిత్రులచేత నగునా?

ఇక మన సీమ సాక్ష్యము వినుడు. ఇది నాకు మిక్కిలి యిష్టమైనది. ధర్మపురి ప్రాంతమున "అదియమాన్ పెరువళి" అని పేరు చెక్కిన పాత దారిరాళ్ళు దొరికినవి. పెరువళి యనగా రాజమార్గము. అందొకదానిపై నావల్‌తావళమను చోటికి ఇంకను 29 కాదముల దూరమున్నదని తమిళమున వ్రాసి, ఆ వ్రాతక్రింద రెండు పెద్దగుంటలను, తొమ్మిది చిన్నగుంటలను తొలిచిరి. ఏల? చదువురాని బాటసారికొఱకు. పెద్దగుంట పదికి గుర్తు, చిన్నగుంట ఒకటికి గుర్తు. చీకటిలో వచ్చిన యెడ్లబేహారి వ్రేలితో తడవియైనను దూరమును తెలిసికొనవచ్చును. ఇప్పుడొక్కసారి ఊహింపుడు: కాలవశమున పై వ్రాత అరిగిపోయి, గుంటలు మాత్రము మిగిలిన అట్టి రాయి మీ పొలముగట్టున కనబడినది. రెండు పెద్దగుంటలు, తొమ్మిది చిన్నవి. నిధివేటగానికి అవి రెండు బిందెలు, తొమ్మిది చెంబులు. ఏవో లెక్కలు కట్టి తొమ్మిది అడుగులు తూర్పునకు నడచి త్రవ్వువాడును లేకపోడు. నిరక్షరాస్యునిపై దయతో చెక్కిన గుర్తు అక్షరాస్యుని పిచ్చివానిని చేయుటకంటె వింత యేమున్నది?

సరే, రాతిముందు నిలిచితిరి. ఏమి చేయవలెను?

1. రాతిని ముట్టకముందు ఊరిని అడుగుడు. మీరు నగరమునుండి వచ్చినవారైనచో ఇది మఱింత ముఖ్యము. రాతికడకు పోయి వంగి చూచువానిని ఊరు మొదట అనుమానముగా చూచును. అందులో తప్పులేదు, ఏలయన మీకంటె ముందు వచ్చినవారు రాత్రి వచ్చియుందురు. పగటివేళ పొండు. దగ్గఱలోని పెద్దదిక్కును పలుకరింపుడు. "అవ్వా, ఈ రాతిని మీరేమని పిలుస్తారు?" అని అడిగితిరనుకొనుడు. "వేడియప్పసామి నాయనా. ఆవులగాసే సామి. మా తాత కాలంనుంచి ఈడనే ఉండాడు. పసువులకి జబ్బొస్తే ఈడనే పొంగలి పెడతాము" అని ఆమె చెప్పినదనుకొనుడు. మీకింకను ఒక్క అక్షరమును కనబడలేదు. అయినను రాతికథ ఇంచుమించు చేతికి వచ్చినది. ధర్మపురి, కృష్ణగిరి, తిరువణ్ణామల సీమలలో వేడియప్పనిగా పూజలందుకొను రాళ్ళలో అనేకములు నడుగళ్ళు, అనగా వీరగళ్ళు. పశువుల మందను శత్రువులు తోలుకొనిపోవుచుండగా అడ్డుపడి చచ్చినవానికి ఊరు నిలిపిన రాయి, వానిపేరు మఱచిన పిదపను, పశువుల కాపుదలను మఱువక దేవుడైనది. జనుల నోట నిలిచిన ఈ జ్ఞాపకమును తోసివేసి పుస్తకములకై పరుగెత్తువాడు దగ్గఱిదారి విడిచినవాడు.

2. చోటును చదువుడు. రాయి తూముదగ్గఱ నున్నదా, రెండూళ్ళ పొలిమేరనున్నదా, గుడిముంగిటనున్నదా, కనుమలోనున్నదా? తూముకడనున్నచో చెరువుకు సంబంధించిన ధర్మము కావచ్చును. పొలములనడుమ ఒంటరిగానున్నచో ఎల్లరాయి కావచ్చును. ఏ దిక్కునకు ముఖము పెట్టినదో, భూమిపైన ఎంత ఎత్తున్నదో వ్రాసికొనుడు. క్రింది వరుసలు మట్టిలో పూడియున్నట్లు తోచినను త్రవ్వకుడు. ఆ మాటయే వ్రాసికొనుడు. రాళ్ళు చోటు మాఱుట కూడ కలదు. బాట వెడల్పు చేయునప్పుడు పెల్లగించి గుడిప్రక్కన ఆనించినవి, బట్టలుతుకు బండలుగా మాఱినవి, పశువులకొట్టమున గుంజకు ఊతగా నిలిచినవి కలవు. "ఇది మొదటినుండి ఇక్కడనే ఉన్నదా?" అని అడుగుట మఱువకుడు.

3. వెలుతురును ప్రక్కనుండి రానిండు. చదువరులలో నూటికి తొంబదిమంది చేయు పొరపాటు నడిమధ్యాహ్నము పోవుట. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు, ఎదుటనుండి వెలుతురు పడునప్పుడు, అరిగిన రాయి నున్నని పలకవలె కనబడును. "ఏమియు లేదు" అని మరలివత్తురు. అక్షరమనగా రాతిలో పల్లము. పల్లము కంటికి కనబడుటకు నీడ కావలెను. నీడ పడుటకు వెలుతురు రాతిని రాచుకొనుచు వాలుగా రావలెను. కావున ఎండ ఏటవాలుగా పడు ఉదయమున గాని, సాయంకాలమున గాని పొండు. రాయి ఉత్తరముఖమై యెండయే పడనిదైనచో, ఒక అద్దమును ఎండలో పట్టి వెలుతురును ప్రక్కనుండి రాతిమీదికి మరలింపవచ్చును. అంతకంటె మేలైన యుపాయము, ఊరివారి యనుమతితో, వారిలో ఒకరిని వెంటబెట్టుకొని, చీకటి పడిన పిదప టార్చిదీపముతో చూచుట. దీపమును రాతికి ఇంచుమించు ఆనించినట్లుగా కుడివైపు పట్టుడు, పిమ్మట ఎడమవైపు, పిమ్మట పైన, క్రింద. నిలువుగీతలు ప్రక్కవెలుతురునకు లేచును. అడ్డగీతలు పైవెలుతురునకు లేచును. సెల్‌ఫోనును ఒక ఇటుకలదొంతిపై కదలకుండ నిలిపి, దీపమును మాత్రము మార్చుచు ఒక్కొక్క దిక్కున ఒక్కొక్క ఛాయాచిత్రము తీయుడు. ఇంటికి పోయి వానిని ఒకదానివెంట ఒకటి త్రిప్పి చూచినచో, ఒక చిత్రమున లేని గుడి, మఱియొక చిత్రమున స్పష్టముగా కనబడును. పాశ్చాత్యదేశముల మ్యూజియములలో పదులకొలది దిక్కులనుండి వెలుతురు పంపి తీసిన చిత్రములను యంత్రగణనముతో ఒక్కటిగా కూర్చు పద్ధతి కలదు. దాని మూలసూత్రము మీ చేతిలోని టార్చిదీపమే.

ఇంకొక చిన్నకిటుకు: రాతిపై శుభ్రమైన నీరు చల్లి, అది ఆరుచుండగా చూడుడు. పై తలము ముందుగా ఆరును, పల్లములందు తడి కొంతసేపు నిలుచును. ఆ కొద్దిక్షణములు అక్షరములు నల్లగా తేలును. ఫోను సిద్ధముగా పట్టుకొనియుండుడు.

4. కడుగవచ్చును, గీకరాదు. కొబ్బరిపీచు, మెత్తని కుంచె, నీరు, ఓర్పు: ఇంతకుమించి ఏమియు వలదు. ఇనుపతీగల బ్రష్షు, ఉలి, చాకు, ఆసిడ్, సబ్బుపొడి, నూనె, రంగు తగులనీయకుడు. వేయియేండ్లు వానకును ఎండకును ఓర్చిన వ్రాత ఇనుపబ్రష్షుకు ఒక్కపూట ఓర్వదు. గుళ్ళలో సున్నము పట్టిన శాసనములు కలవు. సున్నమును గోకుచు పోయినచో సున్నముతోపాటు అక్షరపు అంచును రాలును. పూజలో నున్న రాతిని కడుగుటకు పూజారి యనుమతి తప్పనిసరి.

సుద్దముక్కను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది, ఏలయన చదువుకొన్నవారు చేయు తప్పు ఇది. అక్షరము సరిగా కనబడుట లేదని దానివెంట సుద్దతో గీయుదురు. అట్లు గీసినది రాతిలోని గీత కాదు, మీ మనస్సులోని గీత. ఒకసారి తెల్లగా గీసిన పిదప మీ కన్ను రాతిని చూడదు, సుద్దనే చూచును; ఆ చిత్రమును పండితునికి పంపినచో ఆయనయు దానినే చూచును. తమిళశాసనములలో "పొన్" (బంగారము) అను మాట విరివిగా వచ్చును. గుడిలో అఖండదీపమునకై యిచ్చిన ధనమును చెప్పుటకది వాడుదురు. ధనమునకు మాఱుగా గొఱ్ఱెలనిచ్చుటయు చోళుల కాలమున పరిపాటి, ఒక్క దీపమునకు 90 గాని 96 గాని. నిధికై వచ్చినవాడు సగము చెఱిగిన ఏ రెండక్షరములందైనను "పొన్" చూచి సుద్దతో దానిని పూర్తిచేయును. తరువాత గడ్డపార తెచ్చును. దీపమునకిచ్చిన బంగారము దీపముతోనే వెలిగి ఆరిపోయినదని వానికెవరు చెప్పుదురు?

5. బొమ్మను ముందు, అక్షరమును పిమ్మట చదువుడు. అక్షరము అరిగినను బొమ్మ మిగులును, ఏలయన దానిని లోతుగా, పెద్దదిగా చెక్కుదురు. ఈ సీమలో మీకు తఱచుగా కనబడు గుర్తులకు నిధివేటగాండ్రు చెప్పు అర్థములు ఒకటి, అసలు అర్థములు మఱియొకటి.

సూర్యచంద్రులు పైన నున్నచో "పగలు ఒకచోట, రాత్రి ఒకచోట చూడవలెను" అని వారందురు. అసలు భావము, ఈ దానము, ఈ కీర్తి, సూర్యచంద్రులున్నంత కాలము నిలువవలెనని. చక్రము విష్ణ్వాలయపు భూమికి ఎల్ల. త్రిశూలము శివాలయపు భూమికి ఎల్ల. గొడుగు పట్టిన పొట్టివటువు వామనమూర్తి; బ్రాహ్మణులకిచ్చిన భూమిని సూచించును. మూడు గొడుగులు ఒకదానిపై ఒకటి యున్నచో జైనసంబంధము తలపవలెను. మోచేయివఱకు గాజులు తొడిగి పైకెత్తిన స్త్రీహస్తము, భర్తతోపాటు చితి యెక్కిన యిల్లాలి జ్ఞాపకము, మాస్తికల్లనునది అదియే. గాడిదబొమ్మ కనబడినచో నవ్వుకొని పోకుడు. రాతిలో చెప్పిన దానమును చెఱచినవానికి పెట్టిన తిట్టు అది. ఆ తిట్టు చెక్కించినవాడు గడ్డపారవానిని ముందే యూహించెనేమో!

వీరగల్లును పోల్చుట కష్టముకాదు. హోసూరువైపు కన్నడసంప్రదాయపు రాళ్ళలో తఱచుగా మూడంతస్తులుండును: క్రింద యుద్ధము, నడుమ అప్సరసలు వీరుని చేయిపట్టి తోడ్కొనిపోవుట, పైన దైవసన్నిధిలో అతడు కూర్చుండుట. దీనిని క్రిందనుండి పైకి చదువవలెను. వ్రాత అంతస్తుల నడుమనున్న పట్టెలమీద వెదకవలెను. తమిళసంప్రదాయపు పాతరాళ్ళలో విల్లో కత్తియో పట్టిన వీరుడొక్కడే నిలుచును. వ్రాత అతని తలపైన, ప్రక్కల నుండును. పులితో పోరాడువాడున్నచో అది పులివాతబడినవాని రాయి. కాలిదగ్గఱ కుక్క యున్నచో దానిని అలంకారమని త్రోసివేయకుడు. చెంగం సమీపమున ఎడత్తనూరులో మహేంద్రవర్మ పల్లవుని కాలపు నడుగల్లు ఒకటి కలదు. అందు వీరునితోపాటు అతని కుక్కను కూడ చెక్కి, కోవివన్ అను ఆ కుక్క ఇరువురు దొంగలను కఱచి కావలి నిలిచినదని వ్రాసిరి. పదునాలుగు వందల యేండ్లుగా ఒక కుక్కపేరు నిలిచియున్నది! దీనికంటె గొప్పనిధిని ఏ బిందెలో వెదకుదురు?

ఇక బాణపుగుర్తు. దీనివలన త్రవ్వబడిన గుంటలు ఎన్నో. బాణము చూపిన దిక్కున త్రవ్వువారు ఎఱుగనిదేమనగా, అది పెక్కుచోట్ల సర్వేవారి గుర్తు. 1792లో శ్రీరంగపట్టణపు సంధితో ఈ ప్రాంతపు బారామహలు సీమ కుంపిణీచేతికి వచ్చిన వెంటనే కెప్టెన్ రీడ్, అతని సహాయకుడు థామస్ మన్రో ఇచ్చట భూముల కొలతలు పెట్టించిరి. 1802లో మదరాసునుండి లాంబ్టన్ ఆరంభించిన మహాత్రికోణమితి సర్వే పిదప కొండకొమ్ములకు కూడ ప్రాకినది. ఆ తరువాతి కాలపు రెవిన్యూ సర్వేరాళ్ళు ప్రతి పొలిమేరను కలవు. రాతిమీద బాణముతోగాని చతురస్రముతోగాని "జి.టి.ఎస్.", "బి.ఎం." అని ఇంగ్లీషు పొడియక్షరములున్నచో అది సముద్రమట్టమునుండి ఎత్తును కొలుచుటకు పెట్టిన ఆనవాలు. దానిని పెకలించుట నేరము; పెకలించినవానికి దక్కునది మట్టి.

రాతిపలకలతో గదివలె కట్టి, ముందరి పలకకు గుండ్రని రంధ్రము చేసిన కట్టడములు శూళగిరి సమీపపు మల్లచంద్రము కొండపై గుంపులు గుంపులుగా నున్నవి. తెలుగువారు ఇట్టివానిని పాండవుల గుళ్ళనియు రాక్షసగుళ్ళనియు అందురు. ఇవి ఇనుపయుగపు సమాధులు. ఇట్టివానిలో సాధారణముగా దొరకునవి ఎముకలు, కుండలు, ఇనుపపనిముట్లు. వేటగానికి ఆ తుప్పుపట్టిన ఇనుము పాఱవేయదగినది. కాని ఈ జిల్లాలోనే మయిలాడుంపాఱైలో త్రవ్వితీసిన ఇనుముతో కూడిన పొరకు క్రీ.పూ. 2172 నాటి కాలము తేలినదని 2022 మేలో తమిళనాడు ప్రభుత్వము ప్రకటించినప్పుడు, భారతదేశపు ఇనుము చరిత్రయే వెనుకకు జరుగవలసివచ్చినది. ఆ కాలనిర్ణయము ఎట్లు సాధ్యమైనది? మట్టిపొరలు చెదరకుండ, ఏ వస్తువు ఏ పొరలో నున్నదో గుర్తించుచు త్రవ్వినందువలన. ఒక్కరాత్రి గడ్డపార తగిలిన గోతిలో ఆ పొరలు కలగాపులగమైపోవును. తరువాత వచ్చిన పండితుడు చేయగలిగినది ఏమియు లేదు.

6. తెలిసిన మాటనుండి తెలియని మాటకు పొండు. మొదట లిపిని గుర్తింపుడు. ఈ సీమ మూడు భాషల కూడలి. ఒకే చెరువుకట్టమీద తమిళమును కన్నడమును పొరుగు రాళ్ళుగా ఉండవచ్చును. నొళంబులు, గాంగులు, చోళులు, కుందాణి రాజధానిగా నేలిన హొయిసళ రామనాథుడు, విజయనగరపురాయలు, అందఱును ఈ దారిన పోయినవారే. పాతనడుగళ్ళపై వట్టెళుత్తను గుండ్రని తమిళలిపి కనబడినచో అది మీకు తెలియకపోవుట సహజము. నేటి తమిళులకును అది తెలియదు. కాని కన్నడ, తెలుగు లిపులు సుమారు 13వ శతాబ్దివరకు ఇంచుమించు ఒక్కటే గనుక, తెలుగు చదువరికి పాతకన్నడరాయి పూర్తిగా పరాయిది కాదు. ధైర్యముగా మొదలుపెట్టుడు.

శాసనములలో పెక్కు "స్వస్తి శ్రీ" అని మొదలగును. తమిళశాసనములలో సహితము ఈ మాటను గ్రంథలిపిలో వ్రాయుట వాడుక. మొదటివరుస ఎడమమూలన దీనికై వెదకుడు. అది దొరికినచో ఆ చెక్కిన చేతి వ్రాతతీరు, అక్షరపు కొలత, వరుసల నడుమ ఎడము మీకు తెలిసినట్లే. పిమ్మట రాజుపేరు, సంవత్సరము, ఊరుపేరు వచ్చు చోట్లు చూడుడు. మీ ఊరిపేరు, పొరుగూరిపేరు, ఏటిపేరు మీకు ముందే తెలియును గదా. చెఱిగిన మాటలో మూడవయక్షరము దొరికినను ఊరిపేరు పట్టవచ్చును. అయితే తొందరపడరాదు. తమిళశాసనములలో పొల్లును తెలుపు చుక్క సామాన్యముగా పెట్టరు. దీర్ఘపు గుర్తును రకారమును ఒక్కతీరుననే యుండును. తెలుగు కన్నడలలో ప, వ, మలు అరిగిన పిదప ఒకదానికొకటి అక్కచెల్లెండ్రవలె కనబడును. తలకట్టు పోయినచో గుడి యేదో ఎవరును చెప్పలేరు. అందువలన ఒక అక్షరమును ఒంటరిగా తేల్చకుడు. అదే రాతిలో స్పష్టముగా నున్న మఱియొక "వ"ను చూచి దానితో పోల్చి తేల్చుడు.

కాగితపు అచ్చు తీయుటను గూర్చి అందఱు అడుగుదురు. పలుచని గట్టికాగితమును తడిపి రాతికి అంటించి, గట్టి వెండ్రుకల కుంచెతో మెల్లగా కొట్టి పల్లములలోనికి దింపి, కొంత ఆరిన పిమ్మట గుడ్డయుండతో సిరా అద్దినచో, రాయి నల్లగాను అక్షరము తెల్లగాను వచ్చును. వినుటకు సులువు, చేయుటకు అభ్యాసము కావలెను. కాగితము చిరిగి సిరా రాతికి అంటినచో ఆ మచ్చ మీ పేరున నిలిచిపోవును. మొదట ఇంటిలోని పాత తిరుగలిరాతిపై సాధన చేయుడు. రక్షితకట్టడములలో అధికారుల యనుమతి లేక ఇది చేయరాదు.

7. తేదీని రెండువైపులనుండి పట్టుడు. శకసంవత్సరమునకు 78 కూడినచో క్రీస్తుశకము వచ్చును. శాసనములందు అంకెతోపాటు ప్రభవాది సంవత్సరనామము కూడ తఱచు ఉండును. ఈ రెండును ఒకదానికొకటి సాక్షులు. ఒక రాతిలో "శక 144" వఱకు కనబడి, చివరి అంకె రాలిపోయి, సంవత్సరము పేరు "ప్రమాథి" అని మిగిలియున్నదనుకొనుడు. శక 1440 బహుధాన్య, 1441 ప్రమాథి, 1442 విక్రమ. కావున రాలిన అంకె ఒకటి, అది క్రీ.శ. 1519, అనగా కృష్ణదేవరాయలు రాజ్యము చేయుచున్న కాలము. రాతిలో లేని అంకెను పంచాంగమే చెప్పినది! గడచిన సంవత్సరమును లెక్కించుటా, నడచుచున్నదానినా అను భేదముచేత ఒక్క యేడు అటునిటు కావచ్చునని మాత్రము గుర్తుంచుకొనుడు. తమిళశాసనములలో శకము లేక, "యాండు" అని రాజు ఏలుబడిలో ఎన్నవయేడో మాత్రమే చెప్పుట మెండు. అప్పుడు రాజుపేరు దొరకనిదే తేదీ దొరకదు.

8. తెలియనిచోట చుక్క పెట్టుడు. ఎన్ని అక్షరములు పోయినవో అన్ని చుక్కలు. అనుమానముగానున్న అక్షరమునకు చతురస్రపు కుండలీకరణము. పండితులు చేయుటయు ఇదియే. ఆఱు చుక్కలున్న నిజాయితీగల పాఠము, ఒక్క చుక్కయు లేని కల్పితపాఠముకంటె ఎన్నియో రెట్లు మేలు. మీరు పెట్టిన చుక్కను రేపు మఱియొకడు మంచి వెలుతురులో నింపును.

9. చట్టమును ముందే తెలిసికొనుడు. రాజాజీ హోసూరు సమీపపు తొఱప్పళ్ళిలో పుట్టిన 1878వ సంవత్సరముననే వచ్చిన నిధులచట్టము ఇప్పటికిని అమలులో నున్నది. దాని ప్రకారము భూమిలో దాగిన, పది రూపాయలకు మించిన విలువగల దేది దొరికినను, దొరికినవాడు కలెక్టరునకు లిఖితముగా తెలుపవలెను. హక్కుదారుడెవడును లేడని తేలినచో, దొరికినవానికి నాలుగింట మూడు వంతులు, స్థలము యజమానికి ఒక వంతు పంచుట అందలి సాధారణ నియమము. దాచినవానికి ఏడాదివఱకు ఖైదు. అయితే వెదకి త్రవ్వుటకు ఇది సెలవుచీటి కాదు. 1972 నాటి పురావస్తువుల చట్టము సాధారణముగా నూఱేండ్లు దాటిన శిల్పములకు, శాసనములకు, నాణెములకు వర్తించును. కేంద్రరక్షణలోని కట్టడమును చెఱచినవానికి రెండేండ్లవఱకు ఖైదు గాని, లక్షరూపాయలవఱకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. "నిధి చూపెదను, మొదట పూజకు డబ్బు కట్టుడు" అని వచ్చు యంత్రతంత్రవాదిని గూర్చి చట్టము చెప్పవలసిన పనిలేదు. మీ ఇంటిలోని ఆడువారు చెప్పుదురు.

10. చదివినదానిని చేరవలసినచోటికి చేర్పుడు. ముందుగా అది ప్రకటితమైనదేమో చూడుడు. దక్షిణభారత శాసనసంపుటములు, రైస్ పరిష్కరించిన కర్ణాటక శాసనసంపుటములలో బెంగుళూరు, కోలారు భాగములు, తమిళనాడు పురావస్తుశాఖవారి ధర్మపురి, కృష్ణగిరి శాసనసంపుటములు ఈ సీమకు ముఖ్యములు. వానిలో లేనిచో గ్రామపాలనాధికారికి చెప్పి, కృష్ణగిరిలోని ప్రభుత్వ మ్యూజియమునకును రాష్ట్రపురావస్తుశాఖకును జాబు వ్రాయుడు. మైసూరులోని కేంద్ర శాసనవిభాగమునకు ప్రతి పంపుడు. జాబులో ఊహలు వలదు. ఊరు, తాలూకా, రాయి నిలిచిన చోటు, ఎవరి భూమి, రాతి యెత్తు వెడల్పులు, కనబడు వరుసల సంఖ్య, ఊరివారు దానిని పిలుచు పేరు, రాతిప్రక్కన కొలబద్ద నిలిపి నలువైపుల వెలుతురులో తీసిన చిత్రములు, చుక్కలతో కూడిన మీ పాఠము: ఇవి చాలును. చిత్రములను సామాజికమాధ్యమములలో పెట్టునప్పుడు మాత్రము సరియైన చోటును తెలుపకుడు; మీరు కష్టపడి కడిగిన రాతికి మీ వెనుకనే గడ్డపార దారి తెలిసికొని రాగలదు. జాబునకు ప్రత్యుత్తరము ఆలస్యమైనచో నెల తరువాత ఇంకొకటి వ్రాయుడు, జాబు ప్రతిని ఊరిపెద్దకు కూడ ఇండు.